మమకారమా, బద్ధకమా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 34 ఏళ్లు. విద్యుత్ గ్రిడ్ల రంగంలో ఇంజనీరుని. మూడేళ్ల క్రితం ఉద్యోగం కోసం మా వారితో, పాపతో ఈ దేశం వచ్చాను. మేముండేది రాజధానికి రైల్లో తొమ్మిది గంటల దూరంలో, ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న చిన్న నగరం. రెండేళ్లు ఉండి పెద్ద సిటీకి వెళ్లిపోదాం అనుకున్నాం. అందుకే ఇంట్లోకి మంచి సోఫా కూడా కొనలేదు. ఇప్పుడు రాజధానిలో ఎక్కువ జీతంతో ఆఫర్ వచ్చింది. తీరా సంతకం పెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి రావడం లేదు. మొన్న సెలవుల నుంచి తిరిగి వస్తుంటే, బస్సు కొండ మలుపు తిరిగి రేవులోని క్రేన్లు కనబడగానే ‘హమ్మయ్య, వచ్చేశాం’ అనేశాను. ఆ మాట నాకే వింతగా అనిపించింది. అలాగని ఇది నా ఊరు అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. ఆఫీసులో తప్ప స్నేహితులు లేరు. మా వారు ఏడాదిన్నర ఖాళీగా ఉండి, ఇప్పుడు చదువుకు సంబంధం లేని పార్ట్ టైమ్ పని చేస్తున్నారు. ‘ఆ మారుమూల ఉండి కెరీర్ పాడు చేసుకుంటున్నావు’ అని అందరూ అంటున్నారు. నాకున్నది ఈ ఊరి మీద మమకారమా, లేక కదలడానికి బద్ధకమా? దీన్ని నా ఊరు చేసుకోవడం అసలు సాధ్యమేనా?

– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ ‘హమ్మయ్య’ గురించి మాట్లాడుకుందాం. అది మీరు ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసిన మాట. ఇలాంటి మాటలనే నేను ఎక్కువ నమ్ముతాను. జీతం, స్కూలు, అద్దె లెక్కలు వేసుకుని ‘ఈ ఊరు బాగానే ఉంది’ అనుకోవడం వేరు. క్రేన్లు కనబడగానే భుజాలు వదులై ఊపిరి తేలిక కావడం వేరు. ఆ దారి, ఆ వెలుతురు, ఆ సముద్రపు గాలి మీ ఒంటికి తెలిసిపోయాయి.

పదే పదే చూసిన దాని మీద మనకు తెలియకుండానే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో చూపించాడు. అర్థం తెలియని పదాలైనా, ముక్కూమొహం తెలియని మనుషుల ఫోటోలైనా, ఎక్కువసార్లు చూసినవే జనానికి ఎక్కువ నచ్చాయి. చిన్న నగరం చేసే పని ఇదే. పెద్ద సిటీలో రోజూ వందల ముఖాలు చూస్తాం, వాటిలో చాలావరకు మళ్లీ కనబడవు. చిన్న ఊళ్లో బస్సు డ్రైవరు, పాప స్కూలు గేటు దగ్గర నిలబడే తల్లులు, మందుల షాపులో కుర్రాడు, వీళ్లే తిరిగి తిరిగి ఎదురవుతారు. మీరు ఒక్కరితో కూడా స్నేహం చేయకపోయినా, మూడేళ్లలో ఊరు తన పని తాను చేసుకుపోయింది.

కాబట్టి బద్ధకం అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. బద్ధకానికి ఊరితో పని లేదు, అది ఎక్కడున్నా కదలనివ్వదు. తేడా తెలియాలంటే ఒకటి ఆలోచించండి. రేపు మీ ఊళ్లో రేవు దాకా వెళ్లే బస్సు రద్దు చేస్తామన్నారనుకోండి. ‘మనకెందుకులే, ఎలాగూ వెళ్లిపోయేవాళ్లం’ అనిపిస్తుందా, ‘అదెలా తీసేస్తారు?’ అని కోపం వస్తుందా? తనది కాని ఊరి మీద మనిషికి కోపం రాదు, అసౌకర్యం మాత్రమే ఉంటుంది.

ఇక ఇది నా ఊరు అని చెప్పలేకపోతున్నానన్న మాట. దాన్ని విడదీసి చూడాలి. 2001లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో, శాంతా క్రూజ్ అనే నగరంలో ఇద్దరు పరిశోధకులు జనాన్ని ఊరి గురించి, పేట గురించి, ఇంటి గురించి విడివిడిగా అడిగారు. మనుషుల మీది మమకారాన్నీ, చోటు మీది మమకారాన్నీ వేరు చేయడానికి వాళ్లు వేసిన ప్రశ్నలు నాకు చాలా నచ్చాయి. మీ పరిస్థితికి తగ్గట్టు కొంచెం మార్చి చెబుతాను. నీకు కావలసిన వాళ్లంతా ఇక్కడే ఉండి, నువ్వొక్కదానివే వెళ్లాల్సి వస్తే బాధపడతావా? నువ్వు ఇక్కడే ఉండి, వాళ్లంతా వెళ్లిపోతే? అందరూ కలిసి వెళ్లిపోతే, అప్పుడు కూడా బాధపడతావా? మూడో ప్రశ్నకు అవునన్నవారికి ఆ చోటంటేనే ఇష్టం ఉన్నట్టు. ఆ అధ్యయనంలో మొత్తం మీద చోటు మీది ఇష్టం కంటే మనుషుల మీది ఇష్టమే బలంగా తేలింది.

మీ ఉత్తరం చదివితే నాకు మీ సంగతి తలకిందులుగా కనిపిస్తోంది. ఒక్క మనిషి పేరు కూడా రాయలేదు, క్రేన్ల గురించి రాశారు. చోటు మీకు దక్కింది, మనుషులు ఇంకా దక్కలేదు. ‘హమ్మయ్య’ అనిపించడమూ, ‘నా ఊరు’ అనలేకపోవడమూ రెండూ నిజం కావడానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

మరి మనుషులు ఎందుకు దక్కలేదు? ఇక్కడ మీకు కొంచెం కష్టంగా ఉండే మాట చెప్పాలి. ‘రెండేళ్లే కదా’ అన్న లెక్కతో మీరు దిగారు. సోఫా కొనలేదన్నారే, అది సోఫాతో ఆగే విషయం కాదు. రెండేళ్లే కదా అని ఆ ఊరి భాష పైపైన నేర్చుకుంటాం. రెండేళ్లే కదా అని పక్కింటావిడ పిలిస్తే మర్యాదకి ఒకసారి వెళ్లి, తిరిగి పిలవం. ఊరు నచ్చాక ఊళ్లో దిగుదాం అనుకుంటాం, కానీ దిగితేనే గానీ ఊరు నచ్చదు. నైపుణ్యం ఉన్న ఉద్యోగాలతో వలస వెళ్లేవాళ్లకి ఈ చిక్కు మరీ ఎక్కువ. కూలి పనికి వెళ్లినవాడికి మొదటి రోజు నుంచే ఊళ్లో నలుగురి సాయం కావాలి. మీకు వీసా, ఇల్లు, బ్యాంకు ఖాతా అన్నీ కంపెనీ చూసి పెట్టింది. ఆఫీసులో ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది. ఊరి అవసరం లేకుండా ఊళ్లో బతకగలిగే వసతి మీది. ఆ వసతే మీకూ ఊరికీ మధ్య అద్దం తలుపులా నిలబడింది.

నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగం వల్ల ఒక చిన్న నగరంలో పదకొండేళ్లు ఉన్నాను. మొదటి నాలుగేళ్లూ బదిలీ కోసం రోజులు లెక్కపెట్టాను. ఆ ఊళ్లో చిన్న పఠనమందిరం ఒకటి ఉండేది. ఒక శనివారం, దాన్ని చూసుకునే పెద్దాయన నా చేతిలో తాళంచెవి పెట్టి, ‘వచ్చే వారం నాకు ఆపరేషన్, ఉదయం మీరు తీస్తారా?’ అన్నారు. వేరే ఎవరూ దొరక్క నన్ను అడిగారని నాకు తెలుసు. ఆ తలుపు మామూలుగా తెరుచుకోదు. తాళం తిప్పి, గొళ్లెం కొంచెం పైకెత్తి పట్టుకుని, ఎడమ భుజంతో కింది వైపు నెట్టాలి. మొదటి వారం పావుగంట కుస్తీ పట్టాను. లోపలికి వెళ్లే ముందు ఇద్దరు ముసలివాళ్లు మెట్ల మీద ఓపికగా కూర్చుని ఉన్నారు. మూడో వారానికి ఒక్క నెట్టుతో తెరుచుకుంది. పెద్దాయన కోలుకుని వచ్చాక కూడా తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. ఒక శనివారం జ్వరమొచ్చి వెళ్లలేకపోతే, ఆ ఇద్దరిలో ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ‘ఏమైంది, కనబడలేదు?’ అని అడిగారు. అంతమంది జనంలో నేను రాకపోతే ఒక తలుపు మూసే ఉంటుందన్న సంగతి నన్ను ఆ ఊరికి కట్టేసింది. ఆ తరవాత బదిలీ కోసం నేను అర్జీ పెట్టుకోలేదు.

అందుకే ఊరిని ప్రేమించడం ఎలా అని ఎవరైనా అడిగితే, ఆ ఊరికి పనికొచ్చే చిన్న పని ఒకటి నెత్తిన వేసుకోమంటాను. చూసి వచ్చే కార్యక్రమాల వల్ల ఉపయోగం తక్కువ. వలస వచ్చినవాళ్ల కోసం నగరపాలక సంస్థలు పెట్టే స్వాగత సమావేశాలు మంచివే, కానీ అక్కడ మీరు అతిథి. అతిథికి మర్యాద దొరుకుతుంది, ఎదురుచూపు దొరకదు. పాప ఆడుకునే క్లబ్బులో కుర్చీలు సర్దే పని, మీ అపార్ట్‌మెంటు సంఘం లెక్కలు, లైబ్రరీలో పిల్లలకు లెక్కలు నేర్పే గంట, సముద్రం ఒడ్డున చెత్త ఏరే బృందం, ఏదైనా సరే. మీరు రాకపోతే ‘ఈ రోజు ఎవరు చేస్తారు?’ అని ఒకరైనా తడుముకోవాలి. పెద్ద నగరంలో ఇలాంటి పనులకు మనుషులు బోలెడుమంది. చిన్న నగరంలో ఎప్పుడూ ఒకరు తక్కువే, ఆ ఖాళీ మీకోసం ఉంది.

స్నేహాల విషయంలో మాత్రం ఓపిక కావాలి. 2018లో జెఫ్రీ హాల్ అనే కాన్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు, కొత్త ఊరికి మారినవాళ్లకి స్నేహాలు ఎలా కుదిరాయో లెక్క తీశాడు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు, స్నేహితుడు అనుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహం అవడానికి 200 గంటల పైనే. మీకు ఉపయోగపడే లెక్క ఇది. నెలకోసారి గంట సేపు కాఫీకి కలిస్తే 50 గంటలకే నాలుగేళ్లు పడుతుంది. వారానికి రెండు గంటలు ఒకే బృందంతో పనిచేస్తే ఆరు నెలల్లో అక్కడికి చేరతారు. ఆఫీసులో గడిపే గంటలు అంతగా లెక్కకు రావని కూడా అతనికి తేలింది, అవి మనం ఎంచుకున్న గంటలు కావు కదా. ఆ ఊరివాళ్లు ముభావంగా ఉంటారని మీకు అనిపిస్తే, దాన్ని తిరస్కారం అనుకోవద్దు. చిన్న ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి స్కూలు రోజుల స్నేహితులు వీధి చివరే ఉంటారు, కొత్త స్నేహం కోసం వాళ్లు వెతుక్కోవడం లేదు. వెతుక్కోవాల్సింది మీరు.

భాష గురించి ఒక్క మాటే చెబుతాను. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోవచ్చు, బస్టాపులో సరిపోదు. నలుగురూ నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో అర్థమయ్యేంత భాష వచ్చేదాకా ఆపకండి.

ఇప్పుడు మీ వారి విషయం. నన్నడిగితే మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. మీకు ఉద్యోగం ఉంది, గుర్తింపు ఉంది, ఆ రెండిటి మీద నిలబడి మీరు సముద్రాన్ని చూస్తున్నారు. ఏడాదిన్నర పాటు ఆయన అదే సముద్రాన్ని ఖాళీ ఇంట్లోంచి చూశారు. ఇద్దరికీ కనబడేది ఒకటే ఊరు కాదు. కుటుంబంలో ఒకరి ఉద్యోగం కోసం రెండోవారు తమకు నష్టమైనా కదలడాన్ని అర్థశాస్త్రవేత్త జేకబ్ మిన్సర్ 1978లోనే లెక్క కట్టి చూపాడు. అలా కట్టుబడి కదిలేవాళ్లూ, కట్టుబడి ఉండిపోయేవాళ్లూ ఇద్దరూ ఉంటారన్నాడు. తరవాత 2000లో డోరా కోస్టా, మాథ్యూ కాన్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు అమెరికా లెక్కలు తీస్తే, భార్యాభర్తలిద్దరూ డిగ్రీ చదివిన జంటల్లో పెద్ద మహానగరాల్లో ఉండేవాళ్లు 1940లో 32 శాతమైతే, 1990 నాటికి 50 శాతం అయ్యారు. ఇద్దరికీ తగిన ఉద్యోగాలు ఒకే చోట దొరకాలంటే పెద్ద నగరమే దారి కావడం దీనికి పెద్ద కారణమని వాళ్లు తేల్చారు. చిన్న నగరాల నుంచి చదువుకున్న కుటుంబాలు వెళ్లిపోతుంటే ‘వాళ్లకి ఊరి మీద ప్రేమ లేదు’ అనుకుంటారు. చాలాసార్లు ప్రేమ ఉన్నవారు ఒకరు, ఉద్యోగం లేనివారు మరొకరు.

వలస ద్వారా జనాభా నిలబెట్టుకోవాలనుకునే దేశాలకూ ఈ సంగతి మెల్లగా అర్థమైంది. ఆస్ట్రేలియా 2019 నవంబరులో మొదలుపెట్టిన ప్రాంతీయ నైపుణ్య వీసా, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ బయట ఉండి పనిచేసినవాళ్లకి మూడేళ్ల తరవాత శాశ్వత నివాసానికి దారి ఇస్తుంది. మూడేళ్లు వీసా పట్టి ఉంచుతుంది, ఆ తరవాత పట్టి ఉంచాల్సింది ఊరే. కెనడాలో శాశ్వత నివాసికి ఏ రాష్ట్రానికైనా వెళ్లి బతికే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. అందుకే 2017లో తూర్పు తీరంలోని నాలుగు రాష్ట్రాల కోసం పెట్టిన అట్లాంటిక్ పథకంలో, ఉద్యోగ ఆఫర్‌తో పాటు కుటుంబం స్థిరపడటానికి ఒక ప్రణాళిక కూడా ఉండాలన్నారు. ఉద్యోగం ఇంజనీరుకు ఇస్తే సరిపోదు, ఇంజనీరు ఇంటికి ఇవ్వాలి అన్న ఆలోచన అందులో ఉంది. మీ నగరంలో అలాంటి సాయం ఏదైనా ఉందేమో, మీ వారి తరఫున మీరు కాదు, ఆయనే వెళ్లి అడగాలి.

ఆయనకు ఉపయోగపడే విషయం మరొకటి ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన పరిశోధనలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ‘ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగితే, ఎక్కువమంది ‘అప్పుడప్పుడు’ అన్నారు. దగ్గరి స్నేహితులకు తెలిసినవే మనకూ తెలుస్తాయి, దూరపు పరిచయస్తులే కొత్త కబురు తెస్తారు. చిన్న నగరంలో చాలా ఉద్యోగాలు ప్రకటన దాకా రావు, నోటి మాట మీద నడుస్తాయి. నేను చెప్పిన ఆ వారానికి రెండు గంటల పని మీకంటే ముందు ఆయనకు కావాలి. అయితే దానివల్ల ఉద్యోగం వచ్చి తీరుతుందని నేను మాట ఇవ్వలేను.

మీకు సలహా ఇచ్చేవాళ్లది పూర్తిగా తప్పు కూడా కాదు. చిన్న నగరంలో మీలాంటి ఉద్యోగాలు ఇచ్చే సంస్థలు ఒకటో రెండో ఉంటాయి. స్వీడన్ ఉత్తరాన షెలెఫ్తెయో అనే చిన్న పట్టణానికి ఒక పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ కోసం ఎన్నో దేశాల నుంచి ఇంజనీర్లు వెళ్లారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. అక్కడ ఉండి పనిచేసే పర్మిట్ ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉన్నవాళ్లకి ఊరి మీద ఎంత ఇష్టమున్నా గడువులోపు మరో పని వెతుక్కోక తప్పలేదు. కాబట్టి మీ పర్మిట్ పరిస్థితి ఏమిటో, ఈ ఉద్యోగం పోతే అదే ఊళ్లో రెండో తలుపు ఏదో ఈ వారమే కాగితం మీద రాసుకోండి. శాశ్వత నివాసం దగ్గర పడి ఉంటే మీ నిర్ణయం ఒకలా ఉంటుంది, ఇంకా దూరంగా ఉంటే మరోలా ఉంటుంది.

మీరు దేశం పేరు రాయలేదు. కొన్ని దేశాల్లో పౌరసత్వం లేకపోయినా నగరపాలక ఎన్నికల్లో ఓటు ఉంటుంది. స్వీడన్‌లో 1976 నుంచీ ఉంది, బయటి దేశాలవాళ్లు మూడేళ్లు నివాసం నమోదై ఉంటే చాలు. మీరున్న చోట అలాంటి హక్కు ఉంటే వదులుకోకండి. ఆ బస్సు సంగతి తేల్చేది ఆ నగరపాలక సంస్థే కదా.

ఉన్న ఊరు కన్నతల్లి అంటాం. పుట్టిన ఊరు అనలేదు చూడండి, ‘ఉన్న’ ఊరు అన్నారు. మూడేళ్లుగా మీరు అక్కడ ఉన్నారు గానీ, ఉండటానికని ఒప్పుకోలేదు.

నన్ను సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. ఆ ఆఫర్ ఇచ్చినవాళ్లని గడువు అడగండి, నెల ఇచ్చినా మంచిదే. ఈలోగా ఆ మూడు ప్రశ్నలూ మీరూ మీ వారూ విడివిడిగా రాసుకుని, ఆ తరవాత కాగితాలు మార్చుకోండి. ఆయన ‘ఇక్కడ నా వల్ల కావడం లేదు’ అంటే, ఊరిని ఎంత ప్రేమించినా సరే వెళ్లండి. ఒకరి మమకారం కోసం మరొకరు కుంగిపోకూడదు. వెళ్లినా ఆ క్రేన్లు మీకు దూరం కావు, మనిషికి రెండు ఊళ్ల మీద ప్రేమ ఉండొచ్చు. ఆయన ‘ఇంకొంచెం చూద్దాం’ అంటే, ఉండండి. కానీ ఈసారి రెండేళ్ల లెక్కతో కాదు, మంచి సోఫా కొనుక్కుని ఉండండి. మీ ఉత్తరం చదివాక నా మనసు ఈ రెండోదాని వైపే మొగ్గుతోంది.

ఆ కాగితాలు మార్చుకునేది ఇంట్లో వద్దు. ఒక సాయంత్రం బస్సెక్కి ఆ కొండ మలుపు దగ్గర దిగండి. క్రేన్లు కనబడే చోట నిలబడి, ‘మీకు ఇక్కడి నుంచి చూస్తే ఏమనిపిస్తోంది?’ అని ఆయన్ని అడగండి. మీరేమీ చెప్పకుండా ఆయన్నే చెప్పనివ్వండి. ఏమన్నారో నాకు రాస్తారా?